తప్పిన జోస్యాలు ఎక్కడికి పోతాయి?

2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రగర్భ కేబుల్ వచ్చేదాకా మా లంబాలైన్‌లో నెట్‌కి ఉపగ్రహమే దిక్కు. లింకు తెగితే ఎక్కడో సర్వర్లో నడుస్తున్న పనీ ఆగిపోయేది. దీనికి మందు అంతకు చాలా ముందే ఉంది. 1971 నాటి యూనిక్స్ షెల్లోనే కమాండ్ చివర యాంపర్సాండ్ గుర్తు పెడితే పని తెర వెనక నడిచేది. 1973లో ‘నోహప్’ వచ్చింది. ఫోన్ లైను తెగినా పని ఆగదు. ఇప్పటి నోహప్ అయితే ఫలితాన్ని ‘నోహప్.అవుట్’ అనే ఫైల్లో రాసిపెడుతుంది.

మొదట్లో ఫలితానికీ ఎర్రర్ మెసేజ్‌కీ ఒకటే దారి. బెల్ ల్యాబ్స్‌లో ఫొటోటైప్‌సెట్టర్‌కి ఏదైనా పంపితే, ఫైలు తెరుచుకోలేదన్న ఒక్క ముక్కే అందంగా అచ్చయి వచ్చేదని స్టీవ్ జాన్సన్ చెప్పారు. ఆ విసుగులోంచే ‘స్టాండర్డ్ ఎర్రర్’ అనే రెండో దారి పుట్టింది.

ఆ రెండో దారిని చాలామంది ‘డెవ్ నల్’లో పారబోస్తారు. అంతా సవ్యంగా ఉన్నట్టే కనిపిస్తుంది. జ్యోతిష్కుల పద్ధతీ ఇదే కదా! ఫలించినవి చాటుకోవడం, తప్పినవి మింగేయడం. ఓడ ప్రమాదంలో బతికి బయటపడ్డవాళ్ల మొక్కుబడి బొమ్మలు గుళ్లో చూపిస్తే, మొక్కుకుని కూడా మునిగినవాళ్ల బొమ్మలేవని ఒకడు అడిగిన కథను బేకన్ 1620లోనే గుర్తు చేశాడు.

తెర వెనక జరిగేది మనం చూడం. అందుకే ఫలితాన్నీ, ఎర్రర్‌నీ రెండింటినీ ఫైల్లోకి మళ్లించాలి. “పని అయింది” అన్న మాటకు సాక్ష్యం ఆ ఫైలే.