విద్యాపరిశోధనలో గ్రీకు పురాణరూపకములు

ప్రాచీన గ్రీకు గాథలయందలి పాత్రలను గురుశిష్య సంబంధమునకు రూపకములుగా గ్రహించి విద్యాసమస్యలను విచారించుట పాశ్చాత్య పరిశోధకులకు పరిపాటి. ఈ రూపకములలో మిక్కిలి ప్రసిద్ధికెక్కినది పిగ్మేలియన్ కథ.

సైప్రస్ ద్వీపవాసియగు పిగ్మేలియన్ దంతముతో నొక స్త్రీమూర్తిని చెక్కి, ఆ ప్రతిమనే వలచి వీనస్ దేవిని వేడుకొనగా, ఆమె యనుగ్రహమున నది ప్రాణము దాల్చెనని రోమను కవి ఓవిడ్ 'మెటమార్ఫసిస్' పదవ ఖండమున వర్ణించెను. హార్వర్డు మనస్తత్వవేత్త రాబర్ట్ రోసెంథాల్, కాలిఫోర్నియాలోని ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయురాలు లెనోర్ జేకబ్సన్ కలసి 1968లో వెలువరించిన 'పిగ్మేలియన్ ఇన్ ది క్లాస్‌రూమ్' అను గ్రంథముతో ఈ శిల్పి విద్యాశాస్త్రమున స్థిరపడెను. పిల్లలకు ప్రజ్ఞాపరీక్ష పెట్టి, వారిలో నైదవవంతు మందిని మార్కులతో నిమిత్తము లేక యాదృచ్ఛికముగా నేరి, వీరు త్వరలో వికసింతురని పరీక్ష తెల్పుచున్నదంటూ ఉపాధ్యాయులకు పేర్లిచ్చిరి. ఎనిమిది నెలలకు మరల పరీక్షింపగా, ఒకటవ తరగతిలో ఆ పేర్లవారి ప్రజ్ఞాంకము సగటున 27 పెరుగగా, తక్కినవారికి 12 మాత్రమే పెరిగెను. రెండవ తరగతిలోను భేదము కానవచ్చెను గాని, పై తరగతులలో గణింపదగినది లేదు.

ఈ కడపటి మాటను లోకము వినిపించుకొనలేదు. కొందరు పిల్లలకు కట్టిన తొలి అంకములు నమ్మశక్యము కానంత తక్కువగా నున్నవని రాబర్ట్ థార్న్‌డైక్ ఆ యేడే ఆక్షేపించెను. 1984లో స్టీఫెన్ రాడెన్‌బుష్ 18 ప్రయోగములను కలిపి పరిశీలించి, ఉపాధ్యాయునికి పిల్లలతో రెండు వారములకు మించి పరిచయమున్నచో నిట్టి సూచన దాదాపు నిష్ఫలమని తేల్చెను. కుఱ్ఱవానిని దినదినము చూచుచున్న పంతులు ఇతరులు వ్రాసియిచ్చిన జాతకమును ఏల నమ్మును? అయినను కథ నిలిచినది, అంకెలు మరుగుపడినవి. పైగా ఈ రూపకమున విద్యార్థి చెక్కించుకొను దంతఖండమే గాని, తనంత తాను నేర్చువాడు కాడు. ప్రతిమకు ప్రాణమిచ్చినది శిల్పి కాక దేవతయను సంగతియు మఱుగైనది.

తన మంచమునకు సరిపోవునట్లు బాటసారుల కాళ్ళు సాగదీసియో, నఱికియో చంపిన ప్రొక్రస్టీసు ఏకరూప పరీక్షలను నిందించువారికి సిద్ధాస్త్రము. నూతనోపాధ్యాయులకు తోడునిల్చు అనుభవజ్ఞులకు 'ఒడిస్సీ'లోని మెంటరు ఆదర్శముగా చెప్పబడుచున్నాడు. ఆ కావ్యమున కథానాయకుని కొడుకగు టెలిమాకసును నడపినది మెంటరు వేషము దాల్చిన అథీనా దేవియే గాని అతడు కాడు. మెంటరుకు గురుపీఠము దక్కుటలో 1699లో వెలువడిన ఫెనెలాన్ నవల పాత్ర పెద్దది.

గురువుల అల్పాపేక్ష శిష్యులకు గావించు హానిని చెప్పుటకు మాత్రము పిగ్మేలియన్ కథ చాలలేదు. 1982లో ఎలిషా బాబద్, ఇన్బార్, రోసెంథాల్ దానికొఱకు యూదుల గాథలోని మంటిబొమ్మ 'గోలెమ్' పేరును గైకొనిరి.