ఉద్యోగుల కంప్యూటర్లపై నిఘా సాఫ్ట్‌వేర్: అమ్మేవారికి వర్తించే చట్టాలు

బెంగళూరు, హోసూరు, చెన్నైలలో మనవాళ్ల పిల్లలు కొందరు సొంతంగా చిన్న సాఫ్ట్‌వేర్ వ్యాపారాలు పెట్టుకున్నారు. ఉద్యోగి కంప్యూటర్లో ఏం చేస్తున్నాడో యజమానికి చూపించే ప్రోగ్రాములకు ఇప్పుడు గిరాకీ ఉంది. 'వాడేది కొన్నవాడు కదా, మాకేం సంబంధం?' అనుకునేవారి కోసం ఈ వివరాలు ఇస్తున్నాం.

ఇలాంటి సాఫ్ట్‌వేర్ అమ్మడమే నేరమనే ప్రత్యేక సెక్షన్ మన ఐటీ చట్టం, 2000లో లేదు. అయితే సెక్షన్ 43 ప్రకారం, కంప్యూటర్ యజమాని లేదా దాని బాధ్యుడి అనుమతి లేకుండా అందులోకి చొరబడితే నష్టపరిహారం కట్టాలి. అలా చొరబడేవారికి సాయం చేసినవారూ ఇదే సెక్షన్ కిందికి వస్తారు. అమ్మేవారు గుర్తుపెట్టుకోవాల్సిన మాట ఇది. అదే పని మోసపు బుద్ధితో చేస్తే సెక్షన్ 66 కింద మూడేళ్ల వరకు జైలు, రూ.5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ.

కంప్యూటర్ ఎవరిదన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. కంపెనీ ఇచ్చిన లాప్‌టాప్ అయితే అనుమతి ఇచ్చేది కంపెనీయే. ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగి సొంత లాప్‌టాప్ అయితే అనుమతి ఇవ్వాల్సింది ఆ ఉద్యోగి. అతనికి తెలియకుండా ఎక్కించే ఏర్పాటు ఉందని చెప్పి అమ్మితే చిక్కు మన మెడకే చుట్టుకుంటుంది.

అమెరికాలో జరిగింది చూడండి. రిమోట్‌స్పై అనే ప్రోగ్రామును ఎవరూ కనిపెట్టలేరని ప్రచారం చేసి, ఫొటోలా పంపి ఎదుటివారి కంప్యూటర్లో ఎలా ఎక్కించాలో కూడా నేర్పిన సైబర్‌స్పై కంపెనీపై అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2008లో కోర్టుకెక్కింది. 2010లో రాజీ కుదిరింది. అలా మారువేషంలో ఎక్కించే కిటుకులు కొనేవారికి చెప్పకూడదన్నది అందులో ఒక షరతు. 2014లో స్టెల్త్‌జీనీ అనే ఫోన్ నిఘా యాప్ అమ్మినందుకు దాని అధిపతి నేరం ఒప్పుకుని 5 లక్షల డాలర్లు కట్టాడు. మన దేశం నుంచి ఆన్‌లైన్‌లో అక్కడికి అమ్మేవారు ఈ రెండింటినీ తెలుసుకుని ఉండాలి.

కీబోర్డుపై కొట్టే ప్రతి అక్షరాన్నీ పట్టే ప్రోగ్రాములో బ్యాంకు పాస్‌వర్డులూ పడతాయి. 2011 నాటి నియమాల ప్రకారం పాస్‌వర్డు సున్నితమైన సమాచారం. అది మీ సర్వర్లో ఉండి, నిర్లక్ష్యం వల్ల బయటికి పొక్కి ఎవరికైనా నష్టం జరిగితే పరిహారం మీ మీద పడుతుంది. ఒక్కరే నడిపే దుకాణానికీ మినహాయింపు లేదు. ఆ సమాచారాన్ని అసలు మీ దగ్గర ఉంచుకోకపోవడమే మేలని మా అభిప్రాయం.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు. భద్రతలో లోపానికి జరిమానా రూ.250 కోట్ల దాకా వెళ్లవచ్చు. ఉద్యోగ అవసరాలకు, కంపెనీని నష్టం నుంచి కాపాడుకోవడానికి సమ్మతి లేకుండానే డేటా వాడుకోవచ్చని ఈ చట్టం సెక్షన్ 7 చెబుతోంది. ఆ అవసరాలు దాటి సమ్మతి అడగాల్సి వస్తే, దాన్ని ఇంగ్లీషులో గానీ ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలో గానీ చదువుకునే వీలు కల్పించాలి. ఆ షెడ్యూలులో తెలుగు ఉంది. కాబట్టి అలాంటి సమ్మతి పత్రం బళ్ళారిలోనైనా, బరంపురంలోనైనా తెలుగులో కావాలని ఉద్యోగి అడగవచ్చు.