రాష్ట్రం చీలితే హక్కులేమవుతాయి?

ఇల్లు పంచుకునేటప్పుడు దస్తావేజులు ఎవరి పెట్టెలో ఉన్నాయో చూసుకుంటాం గదా, హక్కులూ అంతే. మన గోదావరి జిల్లాలు రెండు చీలికలు చూశాయి: 1953లో మద్రాసు నుండి ఆంధ్ర వేరుపడింది, 2014 జూన్ 2న తెలంగాణ వేరయింది.

ముస్లిములలో వెనుకబడినవారికి 2007 చట్టం ఇచ్చిన 4 శాతం రిజర్వేషను 2014 విభజనతో పోలేదు. పాత చట్టాలు రెండువైపులా సాగుతాయని పునర్విభజన చట్టం 100వ సెక్షనులో ముందే రాసిపెట్టారు.

బ్రిటనులో వేరుగా జరిగింది. 2020లో ఐరోపా యూనియన్ని వదిలాక పాత చట్టాలు చాలావరకు ఉంచుకున్నా, యూనియన్ హక్కుల పత్రాన్ని పక్కన పెట్టేశారు. సొంతంగా చేసుకున్న 1998 మానవ హక్కుల చట్టం మిగిలింది.

రాసిపెట్టిన హక్కే వెంట వస్తుంది. మన 4 శాతం కూడా సుప్రీంకోర్టు 2010లో ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు మీద నడుస్తూ వచ్చినదే. కనుక పిల్లల బి.సి.-ఇ సర్టిఫికెట్లు వేళకు తీయించండి, ఆ కేసును కనిపెట్టి ఉండండి.