తూకానికి సంగీతం

వంకాయ తేలిగ్గా ఉంటే లేతది, కొబ్బరికాయ బరువుగా ఉంటే నీళ్ళున్నది. బజారుకెళ్ళే ఆడదాని చేతికి ఈ తూకం పుట్టుకతో వచ్చినట్టే ఉంటుంది. మగవాళ్ళకీ విద్య రాదనుకునేరు! పాటల పిచ్చి ఉన్న మహారాజుల్ని చూడండి. ఆంప్లిఫయరు కొనబోతూ ముందు దాన్ని రెండు చేతులా ఎత్తి చూస్తారు. నడుం పట్టేసేంత బరువుంటే మంచి సరుకే! పాట వినడం తర్వాతి సంగతి.

నవ్వొచ్చినా, ఈ నమ్మకానికో చరిత్ర ఉందండోయ్. 1906లో అమెరికాలో లీ డి ఫారెస్ట్ చేసిన ఆడియాన్ జాతి గాజు వాల్వులే చాలా ఏళ్ళు శబ్దాన్ని పెంచే పని చేశాయి. వాల్వుకీ స్పీకరుకీ నేరుగా పొసగదు. మధ్యవర్తిగా, ఇనపరేకుల మీద రాగితీగ చుట్టిన ట్రాన్స్‌ఫార్మరు ఉండాలి. 1947లో ఇంగ్లండులో విలియమ్సన్ ప్రకటించిన పేరుమోసిన నమూనాకి అదే ప్రాణం. ఇనుము దగ్గర పిసినారితనం చూపిస్తే మృదంగం ఎడమవైపు నాదం కాస్తా పీలగా వినిపించేది. అంచేత ఆ రోజుల్లో బరువు నిజమే చెప్పింది.

ఆ ఏడాది డిసెంబరులోనే బెల్ లేబొరేటరీలో ట్రాన్సిస్టరు పుట్టింది. పోనుపోను ఆ మధ్యవర్తితో పనిలేకపోయింది. మరి పెట్టె తేలికపడలేదేం? మన ఇళ్ళల్లో కరెంటు సెకనుకి 50 సార్లే ఊగుతుంది. అంత నిదానపు కరెంటును మార్చి అందించడానికి ఇనుము దండిగా కావాలి. పైగా వేడి పోవడానికి అల్యూమినియం రెక్కలొకటి!

ఆ ఊపును సెకనుకి వేలసార్లకి పెంచితే గుప్పెడంత ట్రాన్స్‌ఫార్మరు చాలు. 'డి' తరగతి ఆంప్లిఫయరయితే వేడీ తక్కువే. 1964లో క్లైవ్ సింక్లెయిర్ అలాంటి బుల్లిదాన్ని అమ్మాడు గానీ అంతగా కుదరలేదు. తగిన ట్రాన్సిస్టర్లు వచ్చాక కుదిరింది.

శ్రీరామనవమి పందిట్లో మైకుసెట్టు పాటకి పరవశించాం గానీ, ఆ పెట్టె మోసిన కుర్రాడి భుజం సంగతి మనం ఎన్నడైనా అడిగామా? ఇప్పుడా భుజానికి కాస్త ఊరట.

బరువైనవి ఇప్పటికీ ఉన్నాయి, వాటిలో మంచివీ ఉన్నాయి. కాకపోతే బరువు సాక్ష్యం ఒక్కటే చాలదు. పెళ్ళిచూపుల్లో పిల్ల మెడలో గొలుసు తూకం చూసి సంబంధం ఖాయం చేసుకునేవాళ్ళని మనం ఎరగమా? పిల్ల నాలుగు మాటలు మాట్లాడితే వినాలనే తోచదు వాళ్ళకి. పెట్టెనైనా అంతే. కిందపెట్టి, ముందు పాట వినండి!