సారాయెవోలో ఒక దంపతుల నాలుగు రోజులు

1914 జూన్ 25, గురువారం. బోస్నియాలోని వేడినీటి బుగ్గల ఊరు ఇలిజాలో దిగిన ఒక దంపతులు ఆ సాయంత్రమే, కార్యక్రమ పత్రంలో లేకపోయినా, కారులో సారాయెవో చూడబోయారు. టర్కీ పాలకుల కాలంనాటి పాత బజారు బష్చార్షియాలో తిరిగారు. తివాచీలు, పాతకాలపు వస్తువులు అమ్మే దుకాణంలో కొంతసేపు గడిపారు. జనం మూగి జేజేలు పలికారు. భార్యాభర్తలిద్దరూ సంతోషంగా బసకు తిరిగివచ్చారు. వారిని చంపడానికి ఆయుధాలతో బెల్గ్రేడ్ నుంచి బయలుదేరిన ముగ్గురు యువకులలో ఒకడైన గవ్రీలో ప్రిన్సిప్ అప్పటికి మూడు వారాలుగా ఆ నగరంలోనే ఉన్నాడు.

ఆ భర్త ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్య వారసుడు ఫ్రాంజ్ ఫెర్డినాండ్. భార్య సోఫీ, చెక్ దేశపు ఖోటెక్ కుటుంబీకురాలు. మన పాఠ్యపుస్తకాలు ఈ ఇద్దరికీ ఒక్క వాక్యం కేటాయించి, మరుసటి వాక్యంలో మహాయుద్ధానికి వెళ్లిపోతాయి. కానీ వారు ఆ నగరానికి కలసి ఎందుకు వచ్చారన్న ప్రశ్న, ఆ సామ్రాజ్యం ఎలాంటిదో చెప్పే ప్రశ్న కూడా.

సోఫీది ప్రభువంశమే గాని రాజవంశం కాదు. హాబ్స్‌బర్గ్ నియమాల ప్రకారం ఆమె వారసునికి తగిన వధువు కాదు. వారసుడు పట్టు విడువలేదు; చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ చివరికి తలవంచినా, మూల్యం వసూలు చేశాడు. 1900 జూన్ 28న వియన్నా రాజప్రాసాదంలో, మంత్రులూ మతాధిపతులూ చూస్తుండగా, తన భార్య మహారాణి కాబోదనీ, తన సంతానానికి సింహాసనంపై హక్కుండదనీ ఫెర్డినాండ్ ప్రమాణం చేశాడు. మూడు రోజుల తర్వాత జరిగిన పెళ్లికి చక్రవర్తి రాలేదు. పెళ్లికుమారుని సోదరులూ రాలేదు. 1909లో ఆమెకు డచెస్ బిరుదు దక్కినా, ఆస్థాన విందులలో ఆమె స్థానం రాజవంశపు పిన్నవయస్సు యువతుల వెనుకనే. నాటకశాలలో రాజవంశీయుల ఆసనాల దగ్గర ఆమెకు చోటు లేదు. రాజలాంఛనాలతో సాగే ఊరేగింపులో భర్త పక్కన కూర్చునే అర్హత లేదు.

అయితే ఫెర్డినాండ్ సైన్యాధికారి హోదాలో ఎక్కడికైనా వెళితే ఆస్థాన మర్యాదల పట్టు కొంత సడలేది. బోస్నియాకు అతడు వచ్చింది సైనిక విన్యాసాల పరిశీలనకే. కనుక రాజధానిలో నిషిద్ధమైన ఆసనం, సామ్రాజ్యపు అంచున ఉన్న సారాయెవోలో సోఫీకి దొరికింది. ఆదివారం ఉదయం నగరంలో ఆ దంపతులు తెరచిన కారులో పక్కపక్కన కూర్చునే తేదీ జూన్ 28. వియన్నాలో ఆ అవమానకరమైన ప్రమాణం జరిగి సరిగ్గా పద్నాలుగేళ్లు.

ఆ తేదీకి సెర్బులలో వేరే అర్థముంది. 1389లో కొసొవో మైదానంలో సెర్బు సైన్యం టర్కీ సుల్తాను సైన్యాన్ని ఎదుర్కొన్న రోజును వారు ఆనాడు స్మరించుకుంటారు. ఆ యుద్ధంలో సుల్తాను మురాద్ హతుడయ్యాడు, సెర్బు రాజు లాజర్ కూడా. ఐదు శతాబ్దాలుగా జానపద గాథలలో నిలిచిన ఆ దినాన, తమ ప్రాంతాన్ని 1878లో ఆక్రమించి 1908లో ఏకపక్షంగా కలిపేసుకున్న సామ్రాజ్యపు వారసుడు తమ వీథులలో ఊరేగబోతున్నాడు. ఇది కావాలని చేసిన అవమానమనడానికి ఆధారం లేదు. బహుశా వియన్నాలో ఆ తేదీ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. పాలితుల పంచాంగం పాలకులకు తెలియవలసిన అవసరం లేదన్న భావన కావాలని చేసిన అవమానం కంటే చిన్నదేమీ కాదు.

నగరం మాత్రం చూడదగినదే. పదిహేనో శతాబ్దంలో టర్కీ పాలకులు నిర్మించిన ఊరు. గాజీ హుస్రెవ్ బేగ్ మసీదు, సనాతన క్రైస్తవుల చర్చి, కాథలిక్ కేథడ్రల్, స్పెయిన్ నుంచి వెళ్లగొట్టబడిన యూదుల ప్రార్థనామందిరం కాలినడకన చుట్టి రాగలిగినంత దగ్గరలో ఉన్నాయి. ఆస్ట్రియా పాలకులు 1885 నాటికే ట్రాము వేశారు. మిల్యాత్స్కా నది ఒడ్డున 1890లలో పురభవనం కట్టారు. అయితే దాని గుర్రపునాడా ఆకారపు కమానులకు స్థానిక సంప్రదాయంతో సంబంధం లేదు. ముస్లింలున్న ఊరికి కైరో ధోరణి కట్టడమే తగునని యూరపు వాస్తుశిల్పులు అనుకున్నారు. మద్రాసు హైకోర్టు భవనాన్ని చూసినవారికి ఈ ఆలోచన పరిచితమే. ట్రాములూ బడులూ భవనాలూ కట్టించిన తమకు ప్రజలు కృతజ్ఞులై ఉండక తప్పదన్న నమ్మకం సైతం పరిచితమే.

నిజానికి హెచ్చరికలకు కొదవ లేదు. 1910లో వృద్ధ చక్రవర్తి సారాయెవోకు వచ్చినప్పుడు వీథుల పొడవునా సైనికులను నిలిపారు, అనుమానితులను ఇల్లు కదలనీయలేదు. ఆయన వెళ్లిన కొద్ది రోజులకే జెరాయిచ్ అనే విద్యార్థి గవర్నరుపై ఐదు తూటాలు పేల్చి, ఆరవదానితో తన ప్రాణం తీసుకున్నాడు. ఇలాంటి ఘటన భారతదేశంలోనూ జరిగింది. 1912 డిసెంబరు 23న కొత్త రాజధాని ఢిల్లీలోకి వైస్రాయ్ హార్డింజ్ సతీసమేతంగా ఏనుగు అంబారీపై ప్రవేశిస్తుండగా చాందినీ చౌక్‌లో బాంబు పడింది. వైస్రాయ్ గాయపడ్డాడు, గొడుగు పట్టిన సేవకుడు మరణించాడు. అధికారం అలంకరించుకుని వీథిలోకి వచ్చి, ఈ నేల నాదని ప్రకటించే చోటనే దానికి సవాలు ఎదురవుతుందని ఏడాదిన్నర ముందే తెలిసింది.

సారాయెవోలో ఏర్పాట్లు చూసిన గవర్నరు జనరల్ పోతియోరెక్ ఇవేవీ లెక్కచేయలేదు. విన్యాసాలకు వచ్చిన సేనలు నగరం వెలుపలే ఉండిపోగా, కాపలా సుమారు 120 మంది పోలీసులకు మిగిలింది. వారసుడు వెళ్లే దారీ వేళా ముందే పత్రికల్లో అచ్చయ్యాయి. శనివారం రాత్రి విందులో, ముందే హెచ్చరించిన క్రొయేషియన్ నాయకుడు సునారిచ్‌తో సోఫీ, మీరు పొరబడ్డారు, ఎక్కడికి వెళ్లినా అందరూ ఆదరంగా పలకరించారు అన్న అర్థం వచ్చేలా మాట్లాడింది. ఆమె అబద్ధం చెప్పలేదు. ఆ మూడు రోజులూ ఆమె చూసిన బడులలో, అనాథాశ్రమాలలో, ప్రార్థనాలయాలలో నిజంగానే ఆదరించారు. అదే రాత్రి, మర్నాటి పర్యటన మానుకొని వెళ్లిపోదామన్న సూచన ఒకటి వచ్చింది. అలా చేస్తే గవర్నరు మనసు నొచ్చుకుంటుందని ఆయన సహాయకుడు మెరిజ్జి అడ్డుపడ్డాడు. ఈ పేరు గుర్తుంచుకోదగినది.

ఆదివారం ఉదయం పది దాటాక కార్ల వరుస నది వెంబడి రోడ్డులోకి వచ్చింది. దారి పొడవునా ఆరుగురు కాచుకొని ఉన్నారు. అందరిలో చిన్నవాడికి పదిహేడేళ్లు. మొదటివాడైన ముస్లిం యువకుడు మెహ్మెద్‌బాషిచ్ చేయి ఆడక ఊరకుండిపోయాడు. చాబ్రినోవిచ్ విసిరిన బాంబు వారసుని కారు మీద నుంచి జారి, వెనుక కారు కింద పేలింది. గాయపడిన వారిలో మెరిజ్జి ఒకడు. చాబ్రినోవిచ్ విషం మింగి నదిలో దూకాడు. విషం పనిచేయలేదు, వేసవి నదిలో మునిగేంత నీళ్లు లేవు.

పురభవనం మెట్లపై మేయరు ముందే రాసుకున్న స్వాగత ప్రసంగం అందుకున్నాడు. చూడవచ్చినవాడికి బాంబులతో స్వాగతమా అని వారసుడు మండిపడ్డాడు. తమాయించుకున్నాక, సమాధాన ప్రసంగం చదవడానికి కాగితాలు తెప్పించుకుంటే అవి గాయపడిన అధికారి రక్తంతో తడిసి ఉన్నాయి. పై అంతస్తులో సోఫీ ముస్లిం స్త్రీలను పలకరించింది. మిగిలిన కార్యక్రమానికి ముందు ఆసుపత్రిలో మెరిజ్జిని చూసిరావాలని ఫెర్డినాండ్ నిర్ణయించాడు. సోఫీని వేరే దారిన పంపాలనుకున్నా ఆమె ఒప్పుకోలేదు, భర్త పక్కనే కూర్చుంది.

నది వెంటే నేరుగా పోవాలన్న మార్పు డ్రైవర్లకు ఎవరూ చెప్పలేదు. లాటిన్ వంతెన దగ్గర ముందు కార్లు పాత దారి ప్రకారం కుడివైపు తిరిగాయి, మూడవదీ అనుసరించింది. పోతియోరెక్ కేకవేయడంతో కారు ఆగింది. మొదటి బాంబు నది వైపు నుంచి వచ్చిందని కారు యజమాని కౌంట్ హరాఖ్ ఎడమవైపు మెట్టుపై నిలబడి కాపు కాస్తున్నాడు. ప్రిన్సిప్ కుడివైపు ఉన్నాడు. రెండు తూటాలు, ఒకటి సోఫీ కడుపులో, ఒకటి ఫెర్డినాండ్ మెడలో. పిల్లల కోసమైనా బతకమని అతడు భార్యను వేడుకున్నాడని హరాఖ్ తర్వాత చెప్పాడు. సోఫీని కాదు, పోతియోరెక్‌ను కొట్టాలనుకున్నానని ప్రిన్సిప్ విచారణలో అన్నాడు.

కారు దారి తప్పకపోతే యుద్ధమే వచ్చేది కాదన్న కథకు ఇప్పటికీ ఆదరణ ఎక్కువ. ప్రిన్సిప్ శాండ్‌విచ్ తినడానికి అక్కడ ఆగాడన్న కొసరు కూడా ఇటీవల చేరింది. నాటి సాక్ష్యాలలో అది లేదు. యాదృచ్ఛికతను ఇంతగా ఆశ్రయించడంలో సౌకర్యం ఉంది. డ్రైవరు పొరపాటు ముందుకు వస్తే, ముప్పై ఆరేళ్ల ఆక్రమణా, సెర్బియా సైనిక గూఢచారి వర్గం విద్యార్థులకు చేరవేసిన ఆయుధాలూ, హత్యను సాకుగా తీసుకున్న వియన్నా యుద్ధకాంక్షా వెనక్కి పోతాయి. జూన్ 28 హత్యకు, జూలై 23 అల్టిమేటంకు నడుమ ఇరవై అయిదు రోజులున్నాయి. ఆ రోజులలో ఎవరూ దారి తప్పలేదు, తెలిసే నడిచారు.

వియన్నాలో శవపేటికలు పక్కపక్కన ఉంచినప్పుడూ మర్యాద పాటించారు. సోఫీ పేటికను భర్త పేటిక కంటే తగ్గు ఎత్తులో పెట్టి, దానిపై రాణివాసపు పరిచారికను సూచించే తెల్ల చేతితొడుగులు, విసనకర్ర ఉంచారు. రాజవంశీయుల సమాధులలో ఆమెకు చోటుండదని ఫెర్డినాండ్‌కు ముందే తెలుసు. ఆర్ట్‌స్టెటెన్‌లోని తన కోటలో ఇద్దరికీ సమాధి గది ముందే కట్టించి ఉంచాడు.

ఆ మనిషి తెలుగునేల చూశాడు. 1893 జనవరిలో, ప్రపంచయాత్రలో భాగంగా హైదరాబాదుకు వచ్చి ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆతిథ్యం పొందాడు, వేటాడాడు. ఆ యాత్ర డైరీ తర్వాత రెండు సంపుటాలుగా అచ్చయింది. ఇరవై ఒక్కేళ్ల అనంతరం అతని మరణంతో మొదలైన యుద్ధానికి వెళ్లిన పదమూడు లక్షల పైచిలుకు భారతీయులలో నిజాం అశ్వికదళమూ ఉంది. ఈజిప్టులో, పాలస్తీనాలో అది పనిచేసింది. ఢిల్లీ తీన్‌మూర్తి కూడలిలోని మూడు కంచు సైనికులు హైదరాబాదు, మైసూరు, జోధ్‌పూర్ దళాలకు ప్రతీకలు. ఆ యుద్ధంలో మరణించిన భారతీయుల సంఖ్య సుమారు 74 వేలు. బోస్నియాతో వారికి ఏ తగాదా లేదు.

ఉరిశిక్షకు వయస్సు చాలని ప్రిన్సిప్ 1918 ఏప్రిల్‌లో జైలులో క్షయతో మరణించాడు. హత్య జరిగిన చోట 1917లో ఆస్ట్రియా నిలిపిన దంపతుల స్మారకాన్ని యుద్ధం ముగిశాక తొలగించారు. 1930లో ప్రిన్సిప్‌ను కీర్తిస్తూ ఫలకం పెట్టారు. 1941లో జర్మన్లు దాన్ని పీకి హిట్లరుకు పుట్టినరోజు కానుకగా పంపారు. యుగోస్లావియా కాలంలో లాటిన్ వంతెన ప్రిన్సిప్ వంతెన అయింది, 1990ల యుద్ధం తర్వాత మళ్లీ లాటిన్ వంతెనే. ఆ దంపతులకు స్వాగతం చెప్పిన పురభవనం జాతీయ గ్రంథాలయంగా మారి, 1992 ఆగస్టులో సెర్బు బలగాల ఫిరంగులకు పుస్తకాలతో సహా కాలిపోయింది. బాగుచేసి 2014లో తెరిచారు. ఆ ఏడాది జూన్ 28న అక్కడ వియన్నా ఫిల్హార్మోనిక్ బృందం కచేరీ చేసింది. సెర్బు నాయకులు రాలేదు. ముందురోజే వారు తూర్పు సారాయెవోలో ప్రిన్సిప్ విగ్రహం ఆవిష్కరించుకున్నారు.