బందరు పట్టణము, నోబుల్ పాఠశాల: ఒక చారిత్రక పరిశీలన

తెలుగు క్రైస్తవ సంఘ చరిత్రలో మచిలీపట్నానికి, అనగా బందరుకు, ప్రత్యేక స్థానమున్నది. అయితే ఆ చరిత్రను మనము ఎక్కువగా మిషనెరీల జీవిత చరిత్రలుగానే చదువుతున్నాము. వారు తెరిచిన పాఠశాలలో చోటు దొరకని వారిని కూడా ఈ వ్యాసంలో పరిగణనలోనికి తీసుకొనదలచాము.

పట్టణ నేపథ్యం

గోల్కొండ సుల్తానుల కాలంలో బందరు పేరుపొందిన రేవు. ఇక్కడి అద్దకపు బట్టల కోసం 17వ శతాబ్దపు ఆరంభంలో డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు వర్తక స్థావరాలు ఏర్పరచుకున్నారు. నాటి డచ్చివారి సమాధులు నేటికీ అక్కడ ఉన్నాయి. వర్తకులు వచ్చిన రెండు శతాబ్దాల తరువాత, 1841లో, సి.ఎం.ఎస్. మిషనెరీలైన రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ ఈ పట్టణానికి వచ్చారు.

పాఠశాల, దాని నియమం

ఫాక్స్ గ్రామాలు తిరిగి సువార్త ప్రకటించాడు. ఆరోగ్యం చెడి స్వదేశానికి వెళ్లి 1848లో మరణించాడు. నోబుల్ 1843లో పాఠశాల స్థాపించాడు. అగ్రవర్ణాల యువకులు విశ్వసిస్తే వారి ద్వారా సమాజమంతటికీ సువార్త చేరుతుందని ఆయన ఆశించాడు. అందువలన, నాడు అంటరానివారిగా ఎంచబడిన వారి పిల్లలను చేర్చుకొనలేదు. అయినను 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మము పొందగానే పట్టణంలో అలజడి రేగింది. తల్లిదండ్రులు తమ పిల్లలను బడి మాన్పించారు. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనలో ఈ ప్రాంతమున సుమారు 30,000 మంది చనిపోయారు. మరుసటి ఏట నోబుల్ బందరులోనే కన్నుమూశాడు.

రాఘవాపురం

ఇంతలో, ఎవరూ ఎదురుచూడని చోట సంఘము మొలకెత్తింది. 1859లో రాఘవాపురానికి చెందిన పగోలు వెంకయ్య అను మాల కులస్థుడు మిషనెరీ డార్లింగ్ చేత బాప్తిస్మము పొందాడు. ఆయన సాక్ష్యము బంధువుల ద్వారా, పల్లెల ద్వారా వ్యాపించింది. కృష్ణా ప్రాంతపు సంఘములలో అధికభాగము పాఠశాల నుండి కాక ఇట్టి పల్లెల నుండే పుట్టాయి.

ముగింపు

నోబుల్ పరిచర్య నిష్ఫలమని మేము చెప్పడం లేదు. ఆయన 24 సంవత్సరాల సేవ, అక్కడ చదివి సేవకులైనవారు అందుకు సాక్ష్యము. కాని పైవారి నుండి క్రిందికి దిగునని తలచిన సువార్త, వాస్తవంలో పల్లెల నుండి పైకి లేచింది. కాబట్టి తమ సంఘ చరిత్ర వ్రాయబూనిన కాపరులు మిషనెరీల ఉత్తరాలతో ఆగక, బాప్తిస్మపు పుస్తకాలను వెదకాలి, పల్లె పెద్దలను అడగాలి. మన విద్యాసంస్థలలో నేడు ఎవరి పిల్లలకు చోటు దొరకడం లేదో కూడా మనము పరిశీలించుకొనవలెను.