వార్డులో విద్యార్థిని స్థానం: దక్షిణ రాయలసీమ నేపథ్యంలో నర్సింగ్ శిక్షణ చరిత్ర

1. పరిచయం

ఆసుపత్రి వార్డులో ఉదయం రౌండ్స్ జరిగేటప్పుడు ఎవరు ఎవరిని ఎలా పిలుస్తారో గమనించండి. నర్సింగ్ విద్యార్థిని డాక్టరును ‘సార్’ అనో ‘మేడమ్’ అనో పిలుస్తుంది. దాదాపు తన వయసే ఉన్న హౌస్‌సర్జన్‌ను కూడా అలాగే సంబోధిస్తుంది. ఆమెకు మాత్రం తరచుగా ‘నువ్వు’, ‘ఏయ్ స్టూడెంట్’ అనే పిలుపే దక్కుతుంది. రోగుల ముందు కసురుకోవడం, చదువుకు సంబంధం లేని పనులు పురమాయించడం వంటి అనుభవాలు ఈ వృత్తిలో ఉన్నవారికి కొత్త కావు. ఇది ఒక ఆసుపత్రికో, కొందరు డాక్టర్ల కోపిష్టి స్వభావానికో పరిమితమైన విషయం కాదు. దీని మూలాలు నర్సింగ్ శిక్షణ రూపుదిద్దుకున్న తీరులోనే ఉన్నాయి. చిత్తూరు, తిరుపతి ప్రాంతాన్ని దృష్టిలో ఉంచుకొని ఆ చరిత్రను ఈ భాగంలో పరిశీలిద్దాం.

2. విధేయతతో లభించిన ప్రవేశం

క్రిమియా యుద్ధ కాలంలో, 1854లో, ఫ్లోరెన్స్ నైటింగేల్ 38 మంది నర్సులతో స్కుటారి సైనిక ఆసుపత్రికి చేరుకున్నారు. అక్కడి డాక్టర్లు వారిని ఆదరించలేదు. డాక్టర్లు కోరేవరకు నర్సులెవరూ రోగులకు సేవ చేయరాదని నైటింగేల్ నిర్ణయించారు. ఆ విధేయత వల్లనే నర్సులకు వార్డులో చోటు దొరికింది.

1860లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఆమె పేరుతో శిక్షణ పాఠశాల ప్రారంభమైంది. ఈ నమూనాలో రెండు లక్షణాలు ముఖ్యమైనవి. మొదటిది, నర్సుల క్రమశిక్షణ మేట్రన్ చేతిలో ఉన్నా, చికిత్స విషయంలో డాక్టరు మాటే శాసనం. రెండవది, శిక్షణ పొందేవారే వార్డు పని కూడా చేస్తారు. అంటే విద్యార్థిని ఒకే సమయంలో నేర్చుకునే వ్యక్తి, తక్కువ ఖర్చుతో లభించే శ్రామికురాలు. 1871లో మద్రాసు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో మొదలైన నర్సుల శిక్షణ కూడా ఆసుపత్రి అవసరాల చుట్టూనే సాగింది.

3. వేలూరు, మదనపల్లె, తిరుపతి

1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేవరకు చిత్తూరు, చంద్రగిరి తాలూకాలు ఉత్తర ఆర్కాడు జిల్లాలో ఉండేవి. అందువల్ల పొరుగున ఉన్న వేలూరు ప్రభావం ఈ ప్రాంతంపై పడింది. వేలూరులో ఐడా స్కడర్ 1900లో చిన్న వైద్యశాల ప్రారంభించారు. 1909లో నర్సింగ్ పాఠశాలను, 1918లో మహిళల కోసం వైద్య పాఠశాలను స్థాపించారు. 1912లో మదనపల్లెలో మొదలైన క్షయ శానటోరియం తరువాత ఆరోగ్యవరానికి మారింది. క్షయకు సరైన మందులు లేని ఆ రోజుల్లో విశ్రాంతి, ఆహారం, నిరంతర పరిచర్యే చికిత్స. అంటే రోగి కోలుకోవడం చాలావరకు నర్సుల చేతుల మీదే ఆధారపడేది.

అయినా సమాజంలో ఆ పనికి గౌరవం తక్కువ. రక్తాన్ని, మలమూత్రాలను తాకే పనిని కులవ్యవస్థ మైలగా చూసింది. మంత్రసాని పనిపై ఉన్న చిన్నచూపు నర్సుకూ సంక్రమించింది. తొలి తరాల్లో నర్సింగ్‌లోకి వచ్చినవారిలో క్రైస్తవ కుటుంబాల స్త్రీలు, వితంతువులు, అనాథలు ఎక్కువగా ఉండటానికి ఇదొక కారణం. ఇక్కడ ఒక విషయం గుర్తించాలి. వేలూరులో డాక్టర్లూ స్త్రీలే, నర్సులూ స్త్రీలే. అయినా హోదాలో తేడా అలాగే నిలిచింది. కాబట్టి ఈ అగౌరవాన్ని స్త్రీ పురుష భేదంతో మాత్రమే వివరించలేం. కులం, చదువు, వర్గం కూడా ఇందులో కలిసి పనిచేశాయి.

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడటంతో చిత్తూరు జిల్లా మద్రాసు నుంచి విడివడింది. 1960లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర వైద్య కళాశాల ప్రారంభమైంది. దానికి అనుబంధంగా రుయా ఆసుపత్రి వచ్చింది. 1993లో స్విమ్స్ మొదలైంది. తిరుపతి పెద్ద వైద్య కేంద్రంగా ఎదిగింది.

4. చట్టాలు, వాటి పరిమితులు

1926లో మద్రాసు నర్సులు, మంత్రసానుల చట్టం వచ్చి, వృత్తికి రిజిస్ట్రేషన్ ఏర్పడింది. 1946లో నివేదిక సమర్పించిన భోర్ కమిటీ, దేశంలో డాక్టర్లు సుమారు 47 వేల మంది ఉండగా నర్సులు 7 వేల మందే ఉన్నారని చూపింది. అదే సంవత్సరం ఢిల్లీలోను, వేలూరులోను నర్సింగ్ డిగ్రీ చదువు మొదలైంది. 1947లో భారత నర్సింగ్ కౌన్సిల్ చట్టం, 2023లో దాని స్థానంలో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చాయి.

ఈ చట్టాలు ప్రధానంగా పాఠ్యాంశాలు, అర్హతలు, రిజిస్ట్రేషన్ గురించి మాట్లాడతాయి. వార్డులో విద్యార్థిని తరఫున ఎవరు నిలబడాలన్న ప్రశ్న మిగిలిపోయింది. చదువు కళాశాలకు మారింది గాని, శిక్షణ ఆసుపత్రిలోనే ఉండిపోయింది. సొంత పెద్దాసుపత్రి లేని ప్రైవేటు కళాశాలలు తమ విద్యార్థులను ప్రభుత్వ ఆసుపత్రులకు పంపుతాయి. అక్కడ ఆ విద్యార్థిని సిబ్బంది కాదు. ఆమె ట్యూటరుకు డాక్టరును ప్రశ్నించే అధికారం ఉండదు. ఫిర్యాదు చేస్తే శిక్షణకు ఇచ్చిన అనుమతే పోతుందేమోనని యాజమాన్యం వెనకాడవచ్చు. పూర్వం విద్యార్థిని స్టైపెండు తీసుకుని పనిచేసేది. ఇప్పుడు ఫీజు కట్టి పనిచేస్తోంది. 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం శిక్షణలో ఉన్నవారిని కూడా గుర్తించింది. కాని రోజువారీ తూలనాడటం దాని పరిధిలోకి రాదు.

5. మౌనానికి మూల్యం

నర్సు తన అభిప్రాయాన్ని డాక్టరుకే తట్టినట్లుగా చెప్పవలసి రావడాన్ని 1967లో అమెరికన్ మానసిక వైద్యుడు లియొనార్డ్ స్టీన్ ‘డాక్టరు-నర్సు ఆట’ అని పిలిచాడు. అనుభవమున్న నర్సుకు ఈ నేర్పు అలవడుతుంది. విద్యార్థినికి అదీ తెలియదు. ఆమెకు తెలిసింది మౌనమే.

ఒక ఉదాహరణ ఊహించండి. రోగికి పెన్సిలిన్ పడదని కేస్‌షీట్‌లో రాసి ఉంది. డాక్టరు తొందరలో అమాక్సిసిలిన్ రాశారు. అది కూడా పెన్సిలిన్ వర్గానికి చెందిన మందే. విద్యార్థిని దీన్ని గమనించింది. నిన్ననే అందరి ముందు తిట్లు తిన్న ఆమె ఈరోజు నోరు విప్పుతుందా? విప్పకపోతే నష్టపోయేది రోగి. అందువల్ల విద్యార్థినికి గౌరవం ఇవ్వడం మర్యాదకు మాత్రమే సంబంధించిన విషయం కాదు, రోగి భద్రతకు సంబంధించిన విషయం.

6. సారాంశం

నర్సింగ్ శిక్షణ విధేయత షరతుపై మొదలైంది. మన ప్రాంతంలో దానికి కులపరమైన చిన్నచూపు తోడైంది. చదువు డిగ్రీ స్థాయికి ఎదిగినా, వార్డులో విద్యార్థినికి స్థిరమైన స్థానం ఏర్పడలేదు. వార్డులో ట్యూటరుకు గుర్తింపు, కళాశాలకూ ఆసుపత్రికీ మధ్య కుదిరే ఒప్పందంలో ప్రవర్తనా నియమాలు, భయం లేకుండా ఫిర్యాదు చేసే మార్గం ఉన్నప్పుడే ఈ పరిస్థితి మారుతుంది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. నైటింగేల్ నమూనాలోని రెండు ముఖ్య లక్షణాలు ఏవి?
2. వేలూరు ఉదాహరణ హోదా భేదాల గురించి ఏమి తెలుపుతుంది?
3. నర్సింగ్ చదువు కళాశాలకు మారినా వార్డులో విద్యార్థిని స్థానం ఎందుకు మారలేదు? చర్చించండి.